మెడ మడతలో గుజ్జు

కోడలు క్యారెట్లు వేలంత పొడవున కోస్తోంది. మరీ సన్నగా కోస్తే పిల్ల చేతిలో నలిగిపోతాయి, మరీ లావుగా ఉంటే పిడికిట్లో పట్టవు. ఒక్కో ముక్కనూ తన చూపుడువేలి పక్కన పెట్టి చూసుకుని ఆవిరి గిన్నెలో పేరుస్తోంది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో కూర్చే పని ఆమెది. ప్రసవానికి సెలవు పెట్టాక ఆ మిషన్ ముందు కూర్చోనేలేదు. అయినా చేతికి అలవాటు పోలేదు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలికి తెలిసిపోతుంది.

"ఇవాళ కూడా క్యారెట్టేనా?"

అత్తగారు మనవరాలిని చంకనేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. దేన్నయినా రెండు చేతులతో పట్టుకుని చూస్తుందని పిల్లకు ఉడత అని ఆవిడే పేరు పెట్టారు. ఎనిమిదో నెల దాటుతోంది. కింది చిగురు మీద ఒక పన్ను తెల్లగా మెరుస్తోంది.

"బంగాళాదుంప కూడా ఉంది అత్తయ్యా."

"ఉన్నది ఒక్క పన్ను. దాంతో అది దుంప కొరకాలా, క్యారెట్ నమలాలా? నోటినిండా పళ్లున్న నేనే మెత్తటివి వెతుక్కుంటాను."

"చిగుళ్లతో నలుపుకుంటుంది. దిగాక వేలితో నొక్కి చూడండి, వెన్నలా ఉంటుంది."

"నొక్కడానికి నా వేలు చాలు. దాని గొంతులో అడ్డం పడితే తీయడానికి ఎవరి వేలూ పట్టదు."

హాల్లో బూట్లు వేసుకుంటున్న కొడుకు నవ్వాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. "ఈ ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. ముక్కల పార్టీ, గుజ్జు పార్టీ. ఓటరేమో ఇద్దరి మీదా ఉమ్మేస్తోంది."

"నువ్వే పార్టీరా?"

"నేను లిఫ్టులాంటివాణ్ని అమ్మా. ఎవరు బటన్ నొక్కితే వాళ్ల దగ్గరికొస్తాను."

"ముందు ఈ బిల్డింగులో లిఫ్టు బాగుచెయ్యి. తర్వాత నువ్వు లిఫ్టువవుదువుగాని. ఆ మెట్లకి భయపడి నేను వీధి మొహం చూసి ఎన్నాళ్లయిందో."

"అది వేరే కంపెనీది. అందులో నేను చెయ్యి పెట్టకూడదు."

"ఊరందరి లిఫ్టులూ ఎక్కి దిగుతాయి. మా ఇంటిది మాత్రం వేరే కంపెనీది," అని ఆవిడ ఉడత చెవిలో ఫిర్యాదు చేశారు. ఉడత కిలకిలా నవ్వింది. కోడలు కూడా నవ్వబోయింది. కానీ నవ్వు పెదవుల దాకా రాలేదు. కత్తి కడిగి పక్కన పెట్టి, స్టవ్ వెలిగించింది.

భర్త వెళ్లాక ఉడతను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు పట్టీ బిగించి, మెడకు గుడ్డ కట్టింది. చల్లారిన ముక్కలు ట్రే మీద పెట్టి, తను ఎదురుగా కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. రోజూ ఇలాగే కూర్చుంటుంది. పిల్ల తనంతట తాను తీసుకోవాలి, తనంతట తాను నోట్లో పెట్టుకోవాలి. పెద్దవాళ్లు తోడుగా ఉండాలే తప్ప చెయ్యి కలపకూడదు. ఫోన్‌లో చదివి నేర్చుకున్న పద్ధతి అది.

ఉడత ఒక ముక్కను తీసుకుని రెండు చేతులతో పట్టుకుని కాసేపు పరీక్షించింది. నాలికకు తాకించి మొహం చిట్లించింది. చెయ్యి చాపి కింద పడేసింది. పడిన చప్పుడు విని కిందికి చూసింది. రెండో ముక్కను కూడా పడేసింది. బంగాళాదుంపను పిసికి ట్రేకి పూసింది. తర్వాత మొహం పక్కకు తిప్పేసుకుని, అత్తగారి గది తలుపుకేసి చూస్తూ కూర్చుంది.

కోడలు నేలమీద మోకాళ్లు ఆనించి ఒక్కో ముక్కా ఏరింది. కుర్చీ కాళ్ల దగ్గర తడిగుడ్డతో తుడిచింది. వచ్చే నెల మొదట్లో ఆమె పనిలోకి వెళ్లాలి. ఆ తర్వాత పగలంతా పిల్ల అత్తగారి దగ్గరే ఉంటుంది. ఆలోపు ఒక్క పూటైనా ఈ పిల్ల తన ముందు కూర్చుని, తను వండింది తినాలి. ఆమెకు అంతకుమించిన కోరికేదీ మిగల్లేదు. ఆ కోరికను పైకి చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత చిన్నదది. ఆ చిన్నదే ఏ పూటా తీరడం లేదు.

స్నానం చేయించడం మాత్రం ఆమె వంతే. అత్తగారి నడుము అంతసేపు వంగదు. గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో ఉడతను కూర్చోబెట్టి, ఎడమచేత్తో వీపు పట్టుకుని, కుడిచేత్తో గడ్డం పైకెత్తి మెడ కింద రుద్దింది. పసిపిల్లల మెడకు మడతలు ఎక్కువ. వేలు పెట్టి విప్పితే గానీ లోపలి మురికి పోదు. మూడో మడతలో వేలికి ఏదో జిగటగా తగిలింది.

వేలిని వెలుతురులోకి తెచ్చి చూసింది. పసుపురంగులో, నున్నగా, పలుకు అన్నది లేకుండా వడగట్టిన గుజ్జు. క్యారెట్ రంగు కాదు. వాసన చూసింది. గుమ్మడికాయ. ఆ వారంలో ఆమె గుమ్మడికాయ వండనే లేదు.

ఉడత నీళ్లను అరచేత్తో కొడుతూ కేరింతలు కొట్టింది. నీళ్లు ఆమె మొహం మీద చిందాయి. ఆమె తుడుచుకోలేదు.

పిల్లను తుడిచి, నిద్రపుచ్చమని అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ బాల్కనీలో ఉడతను భుజాన వేసుకుని జోకొడుతుండగా, తను ఆవిడ గదిలోకి వెళ్లింది. వెతకాల్సిన పనేమీ లేకపోయింది. ఆవిడకు దాచడం రాదు. బట్టల బీరువాలో, మడతపెట్టిన దుప్పట్ల వెనక, మూతపెట్టిన చిన్న స్టీలు గిన్నె ఉంది. పక్కనే చేతిరుమాల్లో చుట్టిన చెంచా. గిన్నె అడుగున ఇంకా కాస్త గుజ్జు మిగిలుంది.

ఆమె ఆ గిన్నెనూ చెంచానూ తెచ్చి భోజనాల బల్ల నడిమధ్యన పెట్టింది.

అత్తగారు బాల్కనీలోంచి వచ్చి చూశారు. అడుగు ఒక్క క్షణం ఆగింది. మధ్యాహ్నం ఇద్దరూ ఆ బల్ల దగ్గరే భోంచేశారు. గిన్నెకు అటు ఒకరు, ఇటు ఒకరు. నీళ్ల చెంబు అందించుకోవాల్సి వచ్చినప్పుడు గిన్నె తగలకుండా పక్కనుంచి అందించుకున్నారు. సాయంత్రానికి గుజ్జు ఎండి గిన్నె అంచున పొక్కులా లేచింది.

మెకానిక్ ఇంటికొచ్చి, పనిముట్ల సంచి గోడవార దించి, మంచినీళ్లు తాగుతూ బల్లకేసి చూశాడు. "ఇదేంటి, ఎండిన గిన్నెని పూజలో పెట్టినట్టు మధ్యలో పెట్టారు?"

ఎవరూ నవ్వలేదు. ఉడత నేలమీద పరిచిన దుప్పటి మీద గరిటెతో ఆడుకుంటోంది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?" కోడలి గొంతు మామూలుగానే ఉంది.

"బరువు తూచిన నర్సు, పిల్ల కాస్త తగ్గింది చూసుకోండి అన్నదే, ఆ రోజు నుంచి."

"రోజూనా?"

"రోజూ. పొద్దున నువ్వు వంటింట్లోకి వెళ్లేలోపు ఒకసారి. సాయంత్రం నువ్వు ఆరేసిన బట్టలు తేవడానికి పైకెళ్తావే, అప్పుడొకసారి."

"అంటే నా ముందు కూర్చోబెట్టేసరికి దాని కడుపు నిండే ఉంటోంది."

"నిండకపోతే ఏమవుతుంది? నువ్విచ్చే ముక్కలతో బంతాట ఆడుతుంది. మొదటిరోజు ఎలా ఓకరించిందో మర్చిపోయావా? మొహం ఎర్రగా అయిపోయింది. నా గుండె ఆగినంత పనైంది. నువ్వేమో, 'అది మామూలే, అలవాటవుతుంది' అని చేతులు కట్టుకుని కూర్చున్నావు. పసిదాని ఆకలితో ప్రయోగాలేంటమ్మాయ్?"

"నేను రోజూ నేలమీద పాకుతూ ముక్కలు ఏరుకుంటుంటే చూశారు కదా అత్తయ్యా. పిల్ల ఎందుకు తినట్లేదో మీకు తెలుసు. తెలిసీ చూస్తూ ఊరుకున్నారు."

మెకానిక్ గ్లాసు దించాడు. "అబ్బా, నాలుగు చెంచాల గుజ్జుకి ఇంత గొడవెందుకు? కాస్త గుజ్జు, కాస్త ముక్కలు. అందరి పిల్లలూ అలాగే..."

"నువ్వు మాట్లాడకు," అంది భార్య.

"వాణ్నెందుకు అంటావు?" అత్తగారి గొంతు లేచింది. "అనాలంటే నన్నను. ఫోన్ చూసి పిల్లల్ని పెంచుతారా ఎక్కడైనా? కన్న పదోరోజు నుంచీ నువ్వు జ్వరంతో ఆస్పత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా పడున్నావు. ఇది గుక్కపట్టి ఏడిస్తే సీసా పట్టింది ఎవరు? బతికింది ఈ చేతి మీదే. అప్పుడు ఏ ఫోనూ వచ్చి పాలు పట్టలేదు."

అన్నాక ఆవిడకే తెలిసింది, అనకూడనిది అన్నానని. చేత్తో నోరు మూసుకోబోయి ఆగారు. మెకానిక్ తల దించుకున్నాడు.

కోడలు ఏడవలేదు. కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుంది.

"నేను చెప్పేదీ అదే అత్తయ్యా. అది బతికింది ఆ చేతి మీదే. నా చెయ్యి దానికి తెలీదు."

"ఛ, ఏం మాటలవి..." అన్నాడు భర్త.

"చెప్పనీ. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు దాన్ని ఎత్తుకున్నాను. సీసా నోటికి పెట్టబోతే మొహం తిప్పేసుకుంది. మీరంతా, 'కొత్త కదా' అని నవ్వారు. నేనూ నవ్వాను. కన్నతల్లి కొత్త. తర్వాత అన్నీ అంతే. నేనెత్తుకుంటే నా భుజం మీంచి మీకోసం చూస్తుంది. ఆరో నెలలో నేనే ముందు స్పూను పట్టుకున్నాను, గుర్తుందా? మీరు చేసిన ఆపిల్ గుజ్జే. పెదాలు బిగించేసి మీకేసి చూసింది. అదే స్పూను మీరు తీసుకోగానే నోరు తెరిచింది. ఆ రోజు బాత్రూంలో కుళాయి తిప్పుకుని చాలాసేపు కూర్చున్నాను."

ఉడత గరిటెతో నేలను టంగుమని కొట్టి, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది.

"ముక్కల సంగతి ఆ తర్వాతే చదివాను. అది గొప్పదో కాదో నాకు తెలీదు. అందులో ఒక్కటే నచ్చింది. ముందు పెట్టేసి నా చేతులు ఒళ్లో పెట్టుకోవచ్చు. వద్దనుకుంటే క్యారెట్‌ని వద్దంటుంది, నన్ను కాదు. కానీ అది మొహం తిప్పుకున్నప్పుడల్లా నాకు మాత్రం నన్నే అన్నట్టుంటుంది. ఇన్నాళ్లూ అది నేను వండినదాన్ని కూడా ముట్టదనుకున్నాను. అసలు దానికి ఆకలే లేదు. ఒక్క పూట ఆకలి నాకు మిగల్చండి అని మిమ్మల్ని అడగాలని కూడా నాకు తట్టలేదు. ఎలా తడుతుంది, దానికి ఆకలేస్తోందనే అనుకుంటుంటే."

కిందింట్లో ఎవరో కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ పిల్లల్ని కసురుతున్నారు. మెకానిక్ వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె బిగుసుకుని కూర్చోవడం చూసి, ఆ చేత్తో కుర్చీ వీపును పట్టుకున్నాడు. లిఫ్టులో ఎక్కడ ఏది ఇరుక్కుందో విని చెప్పగల మనిషి. ఇంట్లో ఇన్నాళ్లుగా ఇది ఇరుక్కునుంటే అతనికి వినపడలేదు.

అత్తగారు బల్ల మీది గిన్నెను దగ్గరికి లాక్కున్నారు. ఎండిన గుజ్జును గోటితో గీకుతూ, ఎవరికీ కాదన్నట్టు మాట్లాడారు.

"వీడికి నేనొక్క ముద్ద పెట్టి ఎరుగను. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పని నాది. చీకటుండగానే వెళ్లేదాన్ని. వచ్చేసరికి మా అత్త తినిపించేసి, మూతి తుడిచి, చాప మీద పడుకోబెట్టి ఉంచేది. సెలవురోజు కదా, నేను పెడతానంటే, 'నువ్వు పెడితే వాడు తినడే' అనేది. వాడూ తినేవాడు కాదు."

"నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు కొడుకు.

"ఏమని చెప్పను? కడుపు నిండిన పిల్లాడికి ఫిర్యాదేముంటుంది? నాకూ అడగడానికి నోరు రాలేదు. ఇది పుట్టాక, ఇది నా చేతిలో నోరు తెరిచాక, నాకు..." ఆవిడ ఆగిపోయారు. "పిచ్చిదాన్నయిపోయాను. నర్సు చెప్పిన బరువు ఒక సాకు."

ఆవిడ గిన్నె తీసుకుని సింకు దగ్గరికి నడిచారు. కడిగారు. కడిగిందే మళ్లీ కడిగారు. కుళాయి నీళ్ల చప్పుడులో ఆవిడ భుజాలు కదలడం కోడలు చూసింది. లేచి వెళ్లాలనుకుంది. కానీ లేవలేదు. చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. ఆమెకు దిగినట్టు అనిపించలేదు. లోపల మూటగట్టి పెట్టుకున్నది ఇప్పుడు గది నిండా పరుచుకుని, అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేకుండా చేసినట్టుంది.

ఉడత దుప్పటి మీంచి పాక్కుంటూ వచ్చింది. తల్లి కాళ్ల పక్కనుంచి, కుర్చీ కిందనుంచి, సింకు దగ్గర నిలబడ్డ నానమ్మ పాదాల దగ్గరికి వెళ్లి, ఆవిడ చీర అంచు పట్టుకుని పైకి చూసింది. అత్తగారు కిందికి చూశారు. ఎత్తుకోవడానికి తడి చేతులు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. కోడలు అది కూడా చూసింది. ఆ చేతులు వెనక్కి వెళ్లడం, పిల్ల నోరు వంకర తిరగడం. ఇందులో తను గెలిచిందేమీ లేదని ఆమెకు అర్థమైంది. కొడుకే వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున మెకానిక్‌కు తొందరగా పిలుపొచ్చింది. ఏదో ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట. భార్య దగ్గర కాసేపు నిలబడి, "ఫోన్ చేస్తాను," అని మాత్రం అని వెళ్లాడు.

ఆమె వంటింట్లో క్యారెట్ చేతిలోకి తీసుకుంది. ఇవాళ కోయకూడదనుకుంది. ఎవరి కోసం కోయాలి? అయినా చేతికి అలవాటు. వేలి పక్కన పెట్టి చూసి, వేలంత పొడవున కోసింది. స్టవ్ మీద ఆవిరి చుట్టలు చుడుతుంటే అత్తగారి గదిలోంచి ఉడత ఏడుపు వినిపించింది. మొదట సన్నగా, తర్వాత గట్టిగా. ఆకలి ఏడుపు. ఈ ఇంట్లో పొద్దుటిపూట ఆ ఏడుపు వినపడి చాలా రోజులైంది.

తలుపు తీసుకుని అత్తగారు వచ్చారు. తల దువ్వుకుని, బయటికి కట్టుకునే చీర కట్టుకున్నారు. కళ్లు వాచి ఉన్నాయి. ఏడుస్తున్న పిల్లను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, మెడకు గుడ్డ కట్టారు. రాత్రే వడగట్టి ఉంచిన గుజ్జున్న స్టీలు గిన్నెను బీరువాలోంచి కాక ఫ్రిజ్‌లోంచి, అందరికీ కనపడేలా తీసి వేడినీళ్లలో ఉంచారు. చల్లదనం పోయాక తీసి ట్రే పక్కన పెట్టారు. చెంచాను కాడ కోడలి వైపు ఉండేలా తిప్పి పెట్టారు.

"ఎక్కడికి అత్తయ్యా?"

ఆవిడ గోడకున్న గొడుగు తీసుకున్నారు. గుమ్మం దగ్గర ఒక చేత్తో గోడ పట్టుకుని, మోకాలు కూడదీసుకుని చెప్పులు వేసుకున్నారు. ఉడత రెండు చేతులూ ఆవిడకేసి చాచి, కుర్చీ కదిలిపోయేలా ఏడ్చింది. ఆవిడ తిరిగి చూడలేదు. తలుపు దగ్గరికి వేసుకుని వెళ్లిపోయారు.

కోడలు క్యారెట్ ముక్కలు ట్రే మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. పక్కన చెంచా. చేతులు ఒళ్లో పెట్టుకోలేకపోయింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ట్రే అంచు పట్టుకుంది. ఉడత తలుపుకేసి చూసి ఏడుస్తోంది. కన్నీళ్లు చెంపల మీంచి మెడ మడతల్లోకి కారుతున్నాయి.

బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. మలుపు దాకా వెళ్లి పూర్తిగా ఆగిపోయింది. అక్కడిదాకా ఏడుపు బాగా వినిపిస్తుంది. కోడలు చెవి అటే పెట్టింది. ఇప్పుడు వెనక్కి వస్తారు. వస్తే బాగుండుననిపించింది, రాకపోతే బాగుండుననిపించింది.

ఏడుస్తూ ఏడుస్తూ ఉడత తలుపు మీంచి చూపు తీసింది. తడిసిన మొహాన్ని మెల్లగా ఇటు తిప్పింది. తల్లిని చూసింది. ఏడుపు ఆపలేదు. చూపూ తిప్పుకోలేదు.

మలుపు దగ్గర చెప్పుల చప్పుడు మళ్లీ మొదలైంది. ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ, వీధిలోకి వెళ్లిపోయింది.